నెట్ స్లో అయితే లైనక్స్ తీసేయాలా? హాస్టల్ పిల్లలుగా మా మాట



పోస్టు పెద్దదే. అయినా లాప్‌టాప్ ఉన్నోళ్లు, రేపు కొనాలనుకునేవాళ్లు, హాస్టల్ వైఫై మీద ఆధారపడి చదివే తమ్ముళ్లు చెల్లెళ్లు చివరిదాకా చదవాలని కోరుతున్నాం.

మాది నల్లచెరువు మండలం, కదిరి పక్క. మాలో ఎక్కువమంది తండాల నుంచి, ఎరుకల కాలనీల నుంచి వచ్చినవాళ్లం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సెనక్కాయ పంట పోయిన ఏడు అమ్మానాన్నలు బెంగళూరికి పోయి కట్టడం పనుల్లో నిలబడితే, ఆ డబ్బులోంచి మిగిల్చి ఎస్పీ రోడ్డులో కొనిచ్చిన సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లు మావి. అవి అయిదారేళ్ల కిందటివి, కొన్ని ఇంకా పాతవి. వాటిలో చాలావాటిలో ఉబుంటూనో, లైనక్స్ మింటో ఉంది.

ఇప్పుడు హాస్టళ్లలో ఒక మాట బాగా తిరుగుతోంది. "వైఫై స్లోగా వస్తాందంటే లైనక్స్ వల్లే. తీసేయ్‌ప్పా, క్రాక్ విండోస్ ఏసుకో, అయిపోతాది." సీనియర్లు చెప్తున్నారు, బజార్లో రిపేరు షాపుల వాళ్లూ చెప్తున్నారు. కొందరు ఇప్పటికే డబ్బులిచ్చి వేయించుకున్నారు. మా అభిప్రాయం వేరు. స్లో ఎక్కడుందో చూడకుండా సిస్టమ్‌ని మార్చడం అంటే, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా సూది వేయించుకోవడమే. డబ్బు పోతుంది, జ్వరం పోతుందో లేదో తెలియదు.

ఇది చిన్న విషయం ఎందుకు కాదు

మనకు నెట్ అంటే సినిమా ఒక్కటే కాదు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆన్‌లైన్, పరీక్ష ఫీజు ఆన్‌లైన్, హాల్ టికెట్ ఆన్‌లైన్, డిగ్రీలో తప్పనిసరి చేసిన ఇంటర్న్‌షిప్ రిపోర్టులు ఆన్‌లైన్. 2017లో కేంద్రం మొదలుపెట్టిన స్వయం పోర్టల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. కోచింగ్‌కి డబ్బు లేని మనలాంటి వాళ్లకు అది పెద్ద ఆసరా. కానీ పాఠం నిమిషం నడిచి రెండు నిమిషాలు చక్రం తిరుగుతుంటే, వారం తర్వాత ఎవరూ ఆ పేజీ తెరవరు.

టౌన్‌లో చదువుకున్న ఇంటి పిల్లలకు ఇంట్లో అన్న ఉంటాడు, బాబాయ్ ఉంటాడు, "ఇట్ల చేసి చూడు" అని చెప్తాడు. మన ఇంట్లో అడగడానికి ఎవరున్నారు? స్క్రీన్ మీద వచ్చే ఎర్రర్ ఇంగ్లీషులో ఉంటుంది. అందుకే "తీసేయ్" అని గట్టిగా చెప్పినోడి మాటే మనకు వేదం అవుతోంది.

ముందు ఎక్కడ ఆగుతోందో చూద్దాం

తండాలో కొళాయికి నీళ్లు సన్నంగా వస్తే ఏం చేస్తాం? కొళాయి మార్చెయ్యం కదా. బోరులో నీళ్లున్నాయా, ట్యాంకు నిండిందా, మధ్యలో పైపు పగిలిందా, చివరికి మన కొళాయిలోనే మట్టి అడ్డుపడిందా, ఒక్కొక్కటీ చూసుకుంటా వస్తాం. వైఫై కూడా అంతే. బయటినుంచి హాస్టల్‌కి వచ్చే లైను బోరు. రూటర్ ట్యాంకు. రూటర్ నుంచి మన గదిదాకా ఉన్న గాలి పైపు. లాప్‌టాప్‌లోని వైఫై కార్డు కొళాయి. లైనక్స్ అనేది ఆ కొళాయి తిప్పే చెయ్యి మాత్రమే.

మొదటి పరీక్షకు ఏ తెలివీ అక్కర్లేదు. అదే చోట, అదే టైములో, అదే వైఫైకి ఫోన్ కలిపి చూడండి. ఫోన్‌లో కూడా స్లో అయితే లైనక్స్‌కి ఏ పాపమూ తెలియదు. ఫోన్ బాగా నడిచి లాప్‌టాప్ ఒక్కటే ఏడిస్తే, అప్పుడు లాప్‌టాప్ వైపు చూడాలి.

రెండో పరీక్ష పింగ్. లైనక్స్‌లో టెర్మినల్ అనే నల్ల కిటికీ ఉంటుంది. దాన్ని చూసి భయపడొద్దు. వైఫై సెట్టింగ్స్‌లో మీ కనెక్షన్ పక్కన గేర్ గుర్తు నొక్కితే "డిఫాల్ట్ రూట్" అని ఒక నంబరు కనిపిస్తుంది, చాలాచోట్ల 192.168.1.1 లాంటిది. అది మీ రూటర్ అడ్రస్. టెర్మినల్‌లో పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబరు కొట్టి ఎంటర్ నొక్కండి. వరసగా జవాబులు వస్తాయి, ప్రతిదాని చివర ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో ఉంటుంది. ఒక నిమిషం చూసి కంట్రోల్ సీ నొక్కితే ఆగిపోయి, ఎన్ని పోయాయో లెక్క చెప్తుంది.

రూటర్ నుంచి జవాబు కొన్ని మిల్లీసెకన్లలో వస్తుంటే గాలి, కార్డు బాగున్నట్టే. వందల్లో పోతున్నా, మధ్యలో జవాబులు రాకపోతున్నా తేడా గదికీ రూటర్‌కీ మధ్యే ఉంది. తర్వాత అదే పింగ్ 8.8.8.8 కి కొట్టండి, అది బయట ఉన్న గూగుల్ సర్వర్. రూటర్ బాగా పలికి ఇది పలకకపోతే బయట లైనులో తేడా. రెండూ బాగుండి, వెబ్‌సైట్ మొదలవ్వడానికి మాత్రం చాలా సేపు పడుతుంటే పేర్లను నంబర్లుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర ఆగుతోందని అనుమానించాలి. కొన్ని నెట్‌వర్క్‌లలో పింగ్‌కి జవాబివ్వకుండా ఆపి పెడతారు. అసలు ఒక్క జవాబూ రాకపోతే పక్కవాళ్ల లాప్‌టాప్‌లో కూడా అదే కొట్టి పోల్చుకోండి.

ఇంతే. పది నిమిషాల పని. బోరా, ట్యాంకా, పైపా, కొళాయా తేలిపోతుంది.

లాప్‌టాప్‌దే తేడా అని తేలితే

లైనక్స్‌లో ఏ ఇబ్బందీ ఉండదని మేము చెప్పడం లేదు. ఉంటుంది. కానీ చాలావాటికి మందు తెలిసే ఉంది.

ఒకటి, పవర్ సేవింగ్. బ్యాటరీ ఆదా కోసం వైఫై కార్డు మధ్యమధ్యలో కునుకు తీస్తుంది. కొన్ని కార్డులకు ఆ కునుకు సరిగ్గా కుదరదు, నెట్ ఆగి ఆగి వస్తుంది. ఉబుంటూలో నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగ్స్ ఫోల్డర్‌లో వైఫై పవర్ సేవ్ అనే చిన్న ఫైలు ఉంటుంది. అందులో 3 అని ఉంటే కునుకు ఆన్, దాన్ని 2 చేస్తే ఆఫ్. మార్చి రీస్టార్ట్ చేసి మళ్లీ పింగ్ కొట్టి చూడండి. తేడా రాకపోతే తిరిగి 3 చేసేయండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, లేకపోతే ఏ మందు పనిచేసిందో తెలియదు.

రెండు, డ్రైవర్. టెర్మినల్‌లో ఎల్, ఎస్, పి, సి, ఐ అని ఐదు చిన్న అక్షరాలు కొడితే లాప్‌టాప్ లోపలి సామాన్ల జాబితా వస్తుంది. అందులో నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరసలో మీ కార్డు పేరు ఉంటుంది. ఇంటెల్ కార్డులు ఎక్కువగా తమంతట తామే నడుస్తాయి, అప్‌డేట్లు చేసుకుంటే చాలు. బ్రాడ్‌కామ్ కార్డు అయితే ఉబుంటూలో "అడిషనల్ డ్రైవర్స్" అన్నచోట ఆ కంపెనీ డ్రైవర్ చూపిస్తుంది, దాన్ని ఎంచుకోవాలి. రియల్‌టెక్ 8723బీఈ అని ఉంటే సంగతి వేరే. ఆ కార్డున్న కొన్ని లాప్‌టాప్‌లలో యాంటెన్నా తీగ ఒకవైపు కలిపి ఉంటే, డ్రైవర్ రెండోవైపు వెతుకుతుంది. రూటర్ పక్కనే కూర్చున్నా సిగ్నల్ ఒక్క గీతే. ఏ యాంటెన్నా వాడాలో డ్రైవర్‌కి చెప్పే ఒక్క సెట్టింగ్‌తో ఇది బాగుపడుతుంది. కార్డు పేరు పెట్టి వెతికితే ఆ వివరం దొరుకుతుంది.

మూడు, బ్యాండ్. వైఫైకి 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు దారులు ఎక్కువగా వాడతారు. 2.4 దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ రద్దీ ఎక్కువ, బ్లూటూత్ కూడా ఆ దారిలోనే నడుస్తుంది. 5 వేగంగా పోతుంది, కానీ గోడ అడ్డమొస్తే త్వరగా నీరసపడుతుంది. మీ కార్డుకీ రూటర్‌కీ రెండోది ఉంటే, రూటర్ ఉన్న గదికి దగ్గరలో కూర్చుని దానికి కలపండి. పాత కార్డులు కొన్నిటికి 2.4 ఒక్కటే వస్తుంది. దానికి ఏ ఓఎస్ వేసినా 5 రాదు, విండోస్ వేసినా రాదు.

నాలుగు, వెనకాల నడిచేవి. అప్‌డేట్లు దిగుతున్నాయా, బ్రౌజర్‌లో ముప్పై ట్యాబ్‌లు తెరిచి ఉన్నాయా? సిస్టమ్ మానిటర్ తెరిస్తే నెట్‌వర్క్ గీత పైకి ఎగురుతూ కనిపిస్తుంది. పాత లాప్‌టాప్‌లో ర్యామ్ నిండిపోతే పేజీలు బరువుగా తెరుచుకుంటాయి, దాన్ని కూడా మనం "నెట్ స్లో" అనే అంటున్నాం.

అసలు లైనక్స్‌లో వైఫై కార్డులకు ఈ తిప్పలు ఎందుకొచ్చాయో కూడా తెలుసుకోవాలి. కార్డు తయారుచేసే కంపెనీలు చాలావరకు దాని లోపలి పనిని బయటపెట్టవు. ప్రపంచంలో ఎక్కడెక్కడో కూర్చున్న వాళ్లు ఆ కార్డు ఎట్ల పనిచేస్తుందో తమంతట తాము తెలుసుకుని డ్రైవర్ రాసిన సందర్భాలు ఎన్నో. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. అంతకుముందు ఆయన పనిచేసే ల్యాబ్‌లో ఒక ప్రింటర్ కాగితం ఇరుక్కుని మాటిమాటికీ ఆగిపోయేది. బాగుచేసుకుంటాను, దాని ప్రోగ్రామ్ చూపించండి అంటే ఇవ్వలేదు. ఆ కోపం ఆయన్ని చాలా దూరం నడిపించింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ మొదలుపెట్టినప్పుడు ఆయన ఫిన్లాండ్‌లో స్టూడెంట్, వయసు 21. అంటే మాకంటే ఒక్క ఏడు పెద్ద. ఇది ఆకాశంలోంచి ఊడిపడ్డ విద్య కాదని చెప్పడానికే ఈ మాట.

హాస్టల్‌దే తేడా అని తేలితే

మేము నలుగురం మా హాస్టల్‌లో ఈ పరీక్షలు చేసి చూశాం. లైనక్స్ లాప్‌టాప్, విండోస్ లాప్‌టాప్, రెండు ఫోన్లు పెట్టుకుని ఉదయం, సాయంత్రం, రాత్రి చూశాం. తెల్లవారుజామున అన్నీ బాగా నడిచాయి. రాత్రి భోజనాల తర్వాత అన్నీ ఒకే రకంగా పడిపోయాయి. చివరి గదుల్లో ఏ టైములోనూ సరిగ్గా లేదు. మరి దీంట్లో లైనక్స్ తప్పు ఏముంది?

లెక్క వేసుకోండి. 100 ఎంబీపీఎస్ లైను 80 మంది ఒకేసారి వాడితే మనిషికి వచ్చేది 1.25. అది కూడా గాలి బాగుంటే. చాలా రూటర్లలో అందరూ ఒకే గాలిని వంతులేసుకుని వాడాలి. దూరం గదిలో బలహీనమైన సిగ్నల్‌తో ఉన్న ఒక్క ఫోన్ నెమ్మదిగా మాట్లాడుతూ అందరి టైమునూ తినేస్తుంది. అంటే రూటర్ పక్కన కూర్చున్నోడు కూడా దూరం గదివాడి కోసం ఆగాల్సిందే. దానికి తోడు రూటర్‌ని ఆఫీసు గదిలో ఇనుప బీరువా వెనకాల పెడతారు. ఇనుము సిగ్నల్‌కి గోడ కంటే పెద్ద అడ్డం. మన ట్రంకు పెట్టెల వరసలు కూడా తక్కువేం కాదు.

డబ్బు ఖర్చు లేకుండా చేయగలిగినవి కూడా ఉన్నాయి. రూటర్‌ని ఎత్తులో, వరండా మధ్యలో, ఇనుముకి దూరంగా పెట్టొచ్చు. 2.4 లో 1, 6, 11 అనే మూడు ఛానెళ్లు ఒకదానిమీద ఒకటి పడవు. రెండు రూటర్లుంటే రెండింటినీ ఒకే ఛానెల్లో పెట్టకుండా వేరువేరుగా పెట్టాలి. టెర్మినల్‌లో ఎన్-ఎం-సి-ఎల్-ఐ, ఖాళీ, డెవ్, ఖాళీ, వైఫై అని ఇంగ్లీషులో కొడితే చుట్టుపక్కల ఏ వైఫై ఏ ఛానెల్లో ఉందో, సిగ్నల్ ఎంతో పట్టికలా వస్తుంది. బజార్లో ఎవరికీ డబ్బులివ్వకుండా లైనక్స్ చూపించే పట్టిక అది.

"సార్, నెట్ రావట్లేదు" అంటే వచ్చే జవాబు అందరికీ తెలుసు: "ఫోన్లు తగ్గించండి." అదే మూడు రోజులు, మూడు పూటలు, మూడు గదుల్లో పింగ్ లెక్కలు ఒక కాగితం మీద రాసి, ఇరవైమంది సంతకాలు పెట్టి ఇస్తే ఆ జవాబు అంత తేలిగ్గా రాదు. మొర పెట్టుకుంటే జాలి పడతారు, లెక్క చూపిస్తే జవాబు చెప్పాల్సొస్తుంది.

ఇది అడుక్కోవడం కూడా కాదు. 2019 సెప్టెంబరు 19న కేరళ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఫహీమా షిరిన్ అనే డిగ్రీ విద్యార్థిని హాస్టల్‌లో ఫోన్ వాడకం మీద పెట్టిన ఆంక్షలకు ఒప్పుకోలేదని ఆమెను హాస్టల్ నుంచి పంపేశారు. ఆమె కోర్టుకు పోయింది. ఇంటర్నెట్ అందుకునే హక్కు చదువుకునే హక్కులో, ఏకాంత హక్కులో భాగమని కోర్టు చెప్పింది, ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఆమె కూడా మనలాగే ఒక హాస్టల్ స్టూడెంటే. ఇది ముఖ్యంగా మన చెల్లెళ్లు గుర్తుపెట్టుకోవాలి. ఆడపిల్లల హాస్టళ్లలో రాత్రిపూట ఫోన్లు తీసుకుని బీరువాలో పెట్టేచోట్ల, చదువుకోవడానికి మిగిలేది లాప్‌టాప్ ఒక్కటే. అదీ నడవకపోతే ఇంకేం మిగులుతుంది?

"జాబ్ కావాలంటే విండోస్ రావాల కదా?"

ఈ మాటలో నిజం ఉంది, దాన్ని పక్కకు నెట్టం. టాలీ నేర్చుకునేవాళ్లకు విండోస్ కావాలి. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. అలాంటి అవసరం ఉన్నవాళ్లు సరైన లైసెన్సున్న విండోస్ వాడుకోండి, కాలేజీ ల్యాబ్‌లో నేర్చుకోండి, అడ్డు చెప్పం.

కానీ క్రాక్ విండోస్ వేరే కథ. క్రాక్ చేసినోడు లోపల ఏం పెట్టాడో మనకు తెలియదు. ఆ లాప్‌టాప్‌లోనే మన ఆధార్ స్కాన్, కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్ ఫోటో, స్కాలర్‌షిప్ లాగిన్ అన్నీ ఉంటాయి. పెన్‌డ్రైవ్ పెడితే ఫైళ్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోవడం మనలో చూడనోళ్లు తక్కువ. ఇంకో సంగతి, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే చిప్, కొత్త తరం ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం కంటే పాతవాటిని దాదాపుగా ఒప్పుకోదు. మన చేతికొచ్చే సెకండ్ హ్యాండ్ మిషన్లు ఎక్కువగా ఆ గీతకు ఇవతలే ఉంటాయి. వాటికి సెక్యూరిటీ అప్‌డేట్లు పైసా లేకుండా అందుతూ ఉండేది లైనక్స్‌లోనే. కాబట్టి మనకిది సరదా కాదు, అమ్మ రెక్కల కష్టంతో కొన్న మిషన్‌ని ఇంకో నాలుగేళ్లు బతికించుకోవడం.

పక్క రాష్ట్రాలు చూడండి. తమిళనాడు 2011లో విద్యార్థులకు ఉచిత లాప్‌టాప్‌లు మొదలుపెట్టినప్పుడు వాటిలో విండోస్‌తో పాటు సీడాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ కూడా పెట్టింది. కేరళ సర్కారు బడుల్లో కంప్యూటర్ చదువంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తోంది. అక్కడ 2018లో లిటిల్ కైట్స్ అని హైస్కూలు పిల్లల క్లబ్బులు పెట్టారు. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు తమ బడి కంప్యూటర్లను చూసుకోవడం నేర్చుకుంటున్నారు. మన తెలుగులోనే స్వేచ్ఛ అనే సంస్థ ఏళ్ల తరబడి తెలుగు లైనక్స్ కోసం పనిచేసింది. కేరళలో తొమ్మిదో తరగతి పిల్ల చేయగలిగింది డిగ్రీ చదివే మనం చేయలేమా?

మేము అడుగుతున్నది

ప్రతి హాస్టల్ నుంచి ఇద్దరు ముందుకు రండి, ఒక అన్న, ఒక అక్క అయితే మరీ మంచిది. ఒక నోటుబుక్కు పెట్టండి. లాప్‌టాప్ మోడల్, వైఫై కార్డు పేరు, వచ్చిన ఇబ్బంది, చేసిన పని, ఫలితం, ఈ అయిదే రాయండి. పనిచేయని మందు కూడా రాయండి, అది ఇంకొకరికి టైము మిగులుస్తుంది. ఆ పేజీ ఫోటో ఈ గ్రూపులో పెట్టండి. కదిరిలో ఒకరికి వచ్చిన తిప్పలే పాడేరులోనో, ఉట్నూరులోనో ఇంకొకరికి వచ్చి ఉంటాయి. కార్డు అదే అయితే మందూ చాలావరకు అదే.

ఇంకొకటి. ఇవన్నీ ఇంగ్లీషులోనే ఉండక్కర్లేదు. మన గోర్ బోలీకి సొంత లిపి లేకపోతేనేం, నోరుంది కదా. వాయిస్ నోట్‌లో చెప్పండి. ఎరుకల బాసలో చెప్పండి, కోయలో, గోండిలో చెప్పండి. పింగ్ అంటే ఏందో వాళ్ల అమ్మ బాసలో విన్న పిల్ల దాన్ని మర్చిపోదు.

ఎవరైనా "లైనక్స్ తీసేయ్" అంటే కోప్పడొద్దు. "అన్నా, రూటర్‌కి పింగ్ కొట్టి చూశావా?" అని ఒక్క మాట అడగండి. కొట్టి చూసి, లెక్క చూపించి, అప్పుడు కూడా తీసేయమంటే ఆలోచిద్దాం. చూడకుండా చెప్తే మాత్రం వినొద్దు. ఈ వారం మీ గదిలో పింగ్ కొట్టి, వచ్చిన అంకెలు గ్రూపులో రాయండి. మావి కూడా పెడతాం, పక్కపక్కన పెట్టి చూసుకుందాం.